ఆకాశం కాదు, నేలే అసలు పరీక్ష: ఎమీ జాన్సన్ జీవితం

1930 మే 11. ఝాన్సీ కంటోన్మెంట్‌లోని పరేడ్ మైదానంలో ఒక చిన్న ఆకుపచ్చ విమానం దిగింది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. పైకప్పు లేని సీటు, ఒకే ఒక్క ఇంజన్. ఆ మైదానం సిపాయిల కవాతు కోసం చేసింది, విమానాల కోసం కాదు. నేలను తాకిన విమానం ఆగలేదు. ఒక స్తంభానికి తగిలి, అట్లాగే ఉరికి, రెండు బారక్‌ల మధ్య ఇరుక్కుపోయింది. రెక్క దెబ్బతిన్నది. లోపల్నుంచి 26 ఏళ్ల అమ్మాయి ఒంటరిగా దిగింది. ఎండకి ముఖం కమిలిపోయి ఉంది. పొద్దున కరాచీలో బయలుదేరి అలహాబాద్ చేరాలనుకుంది గానీ, దారంతా ఎదురుగాలి పెట్రోలు తాగేసింది. ట్యాంకు ఖాళీ అయ్యేలోపు ఎక్కడో ఒకచోట దిగక తప్పలేదు.

ఆ రాత్రి ఝాన్సీ వడ్రంగి ఒకరు విరిగిన రెక్కను బాగుచేశారు. తెల్లారాక ఆమె మళ్లీ ఎగిరిపోయింది.

ఆ అమ్మాయే ఎమీ జాన్సన్. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ. పాఠ్యపుస్తకాల్లో, జనరల్ నాలెడ్జ్ గైడుల్లో ఆమె గురించి ఈ ఒక్క వాక్యమే ఉంటుంది. దాని వెనుక ఉన్న అసలు కథ వేరే. ఆకాశంలో ఆమెకు పెద్దగా భయం లేదు. ఎడారి మీద, సముద్రం మీద, వర్షంలో గంటలకు గంటలు ఒంటరిగా ఎగిరేది. ఇబ్బందంతా కిందికి దిగేటప్పుడే. విమానాన్ని నేలకు దించడం ఆమెకు చాలాకాలం చేతకాలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆమెకు నేర్పినవాళ్లకూ తెలుసు.

ఎమీ 1903 జులై 1న ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హల్ పట్టణంలో పుట్టింది. తండ్రి జాన్ విలియం జాన్సన్ చేపల వ్యాపారి. ఇల్లు బాగా గడిచేది. అమ్మాయి షెఫీల్డ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్‌తో బీఏ చేసింది, లండన్ వెళ్లి ఒక లాయరు ఆఫీసులో సెక్రటరీగా చేరింది. అంతకుముందు ఒక స్విస్ యువకుడిని ఏళ్ల తరబడి ప్రేమించింది. అతను వేరే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అదే 1928లో ఆమె లండన్ ఉత్తర శివారులోని స్టాగ్ లేన్ ఏరోడ్రోమ్‌కి పోయి ఫ్లయింగ్ క్లబ్‌లో పేరు రాయించుకుంది. గుండె గాయం మానడానికే ఎగరడం మొదలుపెట్టిందని జీవిత చరిత్రకారులు రాస్తారు. కావచ్చు. కానీ మనసు విరిగిన ప్రతి అమ్మాయీ పైలట్ కాలేదు కదా, ఆమెలో ఇంకేదో జిద్దు ముందే ఉండి ఉండాలి.

1928 సెప్టెంబర్‌లో మొదటి పాఠం బాగా సాగలేదు. పెట్టుకున్న హెల్మెట్ సైజు పెద్దది, ముందు కూర్చున్న టీచర్ చెప్పేది సరిగా వినపడలేదు. ఈ అమ్మాయికి ఇది రాదని అతను తేల్చేశాడు. చాలామంది ఎనిమిది, పది గంటల శిక్షణతో ఒంటరిగా ఎగిరేవారు. ఎమీకి దాదాపు 16 గంటలు పట్టింది. 1929 జూన్‌లో గానీ ఆమెను ఒంటరిగా వదల్లేదు. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ల్యాండింగే.

ఆ కాలం విమానాన్ని దించడం ఎందుకంత కష్టమో కాస్త చెప్పుకోవాలి. ఇప్పటి విమానాలకు ముక్కు కింద ఒక చక్రం ఉంటుంది. ఎమీ నడిపిన జిప్సీ మాత్‌కు ముందు రెండు చక్రాలు, వెనుక తోక కింద నేలను గీరుకుంటూ పోయే ఒక కొయ్య లాంటి ఆధారం. తర్వాత వచ్చిన విమానాల్లో దాని జాగాలో చిన్న చక్రం వచ్చింది. ఇలాంటి విమానంలో బరువంతా ముందు చక్రాలకు వెనుక పడుతుంది. సైకిల్ రిక్షాను ముందుకు లాగితే నెమ్మదిగా వస్తుంది. అదే వెనక్కి జోరుగా తోసి చూడండి, ముందు చక్రం టక్కున పక్కకు మళ్లి బండి మొత్తం తిరిగిపోతుంది. తోక చక్రం విమానం నేల మీద పరుగెత్తడం దాదాపు అట్లాంటిదే. కొంచెం పక్కకు మళ్లిందా, వెనుకున్న బరువు దాన్ని ఇంకా మళ్లిస్తుంది. పైలట్ కాళ్లతో రడ్డర్ తొక్కి వెంటనే సరిచేయకపోతే విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది, చక్రాలు విరుగుతాయి. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు.

పైగా తోక కిందికి, ముక్కు పైకి ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు ఎదుటి నేల కనపడదు. పక్కకు తొంగి చూస్తూ, ఇంకా ఎన్ని అడుగులున్నాయో అంచనా వేస్తూ దించాలి. ఎమీకి అందనిది ఈ అంచనాయే. బ్రేకులా, అవి లేవు.

వీటన్నిటికీ తోడు పక్కగాలి. గాలి సరిగ్గా ఎదురుగా వస్తే విమానానికి అదో వరం, వేగం తగ్గుతుంది, దారి తప్పదు. పక్క నుంచి వస్తే విమానాన్ని మెల్లగా తోసుకుపోతుంది. అప్పుడు గాలి వచ్చే వైపు రెక్కను కొద్దిగా వంచాలి, అవతలి కాలితో రడ్డర్ తొక్కి ముక్కును దారికి సమంగా నిలపాలి, గాలి వైపున్న చక్రం ముందు ఆనేలా దించాలి. ఒక చక్రం నేల మీద, ఇంకోటి గాల్లో. అక్కడితో అయిపోదు. వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కు పట్టు తగ్గుతుంది, కానీ తోకను గాలి తోస్తూనే ఉంటుంది. కోడిపుంజు బొమ్మ పెట్టిన గాలిసూచిక ఎట్లా గాలి వైపు తిరుగుతుందో, విమానం కూడా అట్లా తిరగాలని చూస్తుంది. పూర్తిగా ఆగేదాకా చేతులు, కాళ్లు ఒక్క క్షణం ఖాళీగా ఉండకూడదు. చాలామంది చక్రాలు తాకాయి కదా అని ఊపిరి వదిలిన ఆ క్షణంలోనే విమానాన్ని విరగ్గొట్టుకున్నారు.

ఆనాటి ఏరోడ్రోములు పెద్ద పచ్చిక మైదానాలు. ఎటువైపు గాలి ఉంటే అటు ముఖం పెట్టి దిగొచ్చు. స్టాగ్ లేన్‌లో నేర్చుకునేవాళ్లకు ఆ సౌకర్యం ఉండేది. పరేడ్ మైదానంలో, స్కూలు ఆటస్థలంలో అది ఉండదు. నేల ఎటు పొడవుంటే అటే దిగాలి, గాలి దానిష్టం. ఎమీ ఆస్ట్రేలియా దారిలో దిగిన చోట్లు చాలావరకు ఇలాంటివే.

లైసెన్సు వచ్చాక ఆమె ఇంకో పని చేసింది. ఆఫీసు పని అయ్యాక, పొద్దున ఆఫీసుకు ముందు, స్టాగ్ లేన్ షెడ్డుకు పోయి మెకానిక్కుల దగ్గర కూర్చుంది. హెడ్ ఇంజనీరు జాక్ హంఫ్రీస్ ఆమెకు ఇంజన్ విప్పడం, బిగించడం నేర్పాడు. చేతులకు గ్రీజు, మొగవాళ్ల డాంగ్రీలు. 1929 చివరికి గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు తీసుకున్న మొదటి మహిళ ఆమే. ఒకసారి ఆలోచిస్తే, దిగడం సరిగా రానివాళ్లకు అంతకన్నా పనికొచ్చే చదువు ఇంకోటి లేదు. విరిగితే బాగుచేసుకోవాలి కదా.

ఆ ఏడాదే ఆమె చెల్లెలు ఐరీన్ చనిపోయింది. ఆ దుఃఖం గురించి ఎమీ బయట ఎక్కువగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఆస్ట్రేలియా ప్రయాణం మీద ఆమె పట్టు ఇంకా పెరిగింది.

డబ్బు కోసం చాలామందికి ఉత్తరాలు రాసింది. ఆఖరికి కొంత తండ్రి, కొంత ఇంజన్ ఆయిల్ వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్ ఇచ్చారు. 600 పౌండ్లకు సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ ఒకటి కొన్నారు. తండ్రి చేపల కంపెనీ ట్రేడ్‌మార్కు పేరే దానికి పెట్టింది: జేసన్. అప్పటిదాకా ఆమె ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం లండన్ నుంచి హల్ దాకానే. ఆ అనుభవంతో 11,000 మైళ్ల దారి పట్టింది. హిమ్మత్ అనాలో, పిచ్చి అనాలో చదివేవాళ్ల ఇష్టం.

1930 మే 5న క్రాయ్‌డన్‌లో బయలుదేరింది. వియన్నా, ఇస్తాంబుల్, అలెప్పో. అలెప్పో నుంచి బాగ్దాద్ పోయే దారిలో ఇసుక తుఫాను ముంచుకొచ్చింది. ఏమీ కనపడక ఎడారిలోనే దిగేసింది. దిగడమైతే దిగింది, ఇప్పుడు గాలి విమానాన్ని ఎత్తుకుపోతోంది. కిందికి దూకి, ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, చక్రాల దగ్గర తన సామాను పెట్టి, ఇంజన్‌లోకి ఇసుక పోకుండా కప్పి, దాన్ని పట్టుకుని కూర్చుంది. దూరంగా కుక్కల అరుపులు వినిపిస్తే చేతిలోకి రివాల్వర్ తీసుకుంది. తుఫాను తగ్గాక మళ్లీ లేచింది. బాగ్దాద్‌లో దిగుతుంటే చక్రాల కడ్డీ ఒకటి విరిగింది. అక్కడి మెకానిక్కులు రాత్రి కూర్చుని కొత్తది చేసిచ్చారు. అక్కణ్నుంచి బందర్ అబ్బాస్, అక్కణ్నుంచి కరాచీ.

కరాచీ చేరేసరికి ఆరు రోజులే అయింది. ఆస్ట్రేలియా పైలట్ బెర్ట్ హింక్లర్ 1928లో కరాచీ చేరడానికి పట్టిన సమయం కన్నా ఇది రెండు రోజులు తక్కువ. అప్పటిదాకా ఈ సెక్రటరీ అమ్మాయిని పట్టించుకోని లండన్ పేపర్లు ఒక్కసారి మేల్కొన్నాయి. ఆమె మీద రికార్డు భారం పెట్టింది కూడా అవే. ఇక ప్రతి గంటా లెక్కే. ఝాన్సీ సంగతి ముందే చెప్పుకున్నాం. అలహాబాద్, కలకత్తా దాటి మే 13న వర్షంలో రంగూన్ వెతుక్కుంటూ పోయింది. దిగాల్సింది గుర్రప్పందేల మైదానంలో. దిగింది మాత్రం ఊరి బయట ఇన్‌సేన్ అనే చోట, టెక్నికల్ స్కూలు ఆటస్థలంలో. నేల అయిపోయింది, విమానం ఆగలేదు, చివర్లో ఉన్న గుంటలో పడింది. ప్రొపెల్లర్, చక్రాలు, రెక్క అన్నీ పోయాయి.

రికార్డు అక్కడే పోయింది, నిజానికి. కానీ ఆమె కథలో చూడాల్సిన చోటు ఇదే. అక్కడి విద్యార్థులు, టీచర్లు కలిసి రెక్క అతికారు. రెక్కకు వేసే గుడ్డ దొరకలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిన విమానం గుడ్డను ఎవరో కొని చొక్కాలు కుట్టించారని తెలిసి, ఆ చొక్కాలు విప్పి రెక్కకు వేశారు. పైన పూయాల్సిన మందును అక్కడి మందుల షాపాయన కలిపిచ్చాడు. తనతో తెచ్చుకున్న స్పేర్ ప్రొపెల్లర్‌ను ఎమీ బిగించుకుంది. ఇంజన్ పని ఆమెదే. మూడు రోజుల్లో విమానం మళ్లీ లేచింది.

ఆ తర్వాత జావా దీవిలో ఒక చెరకు తోటలో దిగితే వెదురు కర్రలు రెక్కను చీల్చాయి. దెబ్బలకు వేసే గులాబీ రంగు ప్లాస్టర్ ముక్కలతో చిరుగులు మూసింది. తైమూర్ దీవిలో చీకటి పడుతుంటే చీమల పుట్టల మధ్య దిగింది. మే 24న డార్విన్ చేరింది. మొత్తం పంతొమ్మిదిన్నర రోజులు. హింక్లర్‌ది పదిహేనున్నర రోజుల రికార్డు. అది అట్లాగే మిగిలింది.

జనం దాన్ని పట్టించుకోలేదు. ఒక ఆడపిల్ల ఇంత దూరం ఒంటరిగా వచ్చిందన్నదే వాళ్లకు చాలు. పాటలు కట్టారు, రాజు సీబీఈ బిరుదు ఇచ్చాడు, డెయిలీ మెయిల్ పత్రిక 10,000 పౌండ్లు ఇచ్చింది. డార్విన్ నుంచి ఊరూరా సన్మానాలు. ఊరూరా జనం ముందు విమానం దించాలి. మే 29న బ్రిస్బేన్‌లో వేలమంది చూస్తుండగా వేగం ఎక్కువై మైదానం దాటిపోయి, కంచెకు తగిలి జేసన్ తలకిందులైంది. ఆమెకు దెబ్బలు తగల్లేదు. కానీ అంతకుముందు ఎడారుల్లో, తోటల్లో జరిగినవి ఎవరూ చూడలేదు, ఇది అందరూ చూశారు. అక్కడి నుంచి ఆమె చాలావరకు వేరేవాళ్ల విమానాల్లో ప్రయాణికురాలిగా తిరిగింది.

ఆడవాళ్లకు విమానాలు దించడం రాదని నవ్విన వాళ్లకు ఇదొక సాకు దొరికింది. ఆ మాట న్యాయం కాదు. నిద్ర లేక, రోజుకు పది గంటలు ఎగిరి, ఎవరూ చదును చేయని నేల మీద దిగిన పైలట్లలో విమానం విరగ్గొట్టని మొగవాళ్లు ఎందరని ఎవరైనా అడిగి ఉండాల్సింది. ఆమె ల్యాండింగులు బాగుండేవని కూడా చెప్పలేం. రెండూ నిజమే.

ఆస్ట్రేలియా పర్యటనలోనే జిమ్ మాలిసన్ అనే స్కాట్లండ్ పైలట్ పరిచయమయ్యాడు. 1932లో పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ఆమె పస్ మాత్ విమానంలో ఒంటరిగా కేప్ టౌన్ పోయి భర్త రికార్డునే బద్దలు కొట్టింది. పేపర్లకు పండగ. ఇంట్లో మాత్రం అంత పండగ లేదు, మాలిసన్ తాగుడు అందరికీ తెలిసిందే. 1933 జులైలో ఇద్దరూ కలిసి వేల్స్ నుంచి న్యూయార్క్ పోతూ అట్లాంటిక్ దాటారు. కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ చేరేసరికి చీకటి, పెట్రోలు అడుగంటింది. విమానం మాలిసన్ చేతిలో ఉంది. గాలికి ఎదురు దిగాల్సింది, గాలి వెంబడి దించాడు. వెనుక నుంచి గాలి తోస్తుంటే విమానం నేల మీద ఆగదు. మైదానం దాటి బురదలో పడింది. ఇద్దరికీ గాయాలు. ఆ రాత్రే జనం గుర్తుగా దాచుకోవడానికి విమానం ముక్కలు పీక్కుపోయారు. దిగడం రాదని పేరుపడింది ఎమీకి, ఇక్కడ తప్పు దించినది ఆయన.

1934లో లండన్ నుంచి మెల్‌బోర్న్ పందెంలో ఇద్దరూ మళ్లీ కలిసి ఎగిరారు, కరాచీ దాకా అందరికన్నా ముందున్నారు. దారి తప్పి జబల్‌పూర్‌లో దిగారు. అక్కడ దొరికిన మోటార్ బండ్ల పెట్రోలు పోయించుకుంటే ఇంజన్లు చెడిపోయాయి. అలహాబాద్‌లో పందెం వదిలేశారు. 1938లో విడాకులు తీసుకున్నారు.

ఈలోగా 1936 ఏప్రిల్‌లో ఆమె పెర్సివల్ గల్ విమానంలో మళ్లీ కేప్ టౌన్ బయలుదేరింది. అల్జీరియాలోని కొలోంబ్ బెషార్‌లో నిండా పెట్రోలుతో లేవబోతుంటే విమానం పక్కకు తిరిగిపోయి చక్రాలు కూలిపోయాయి. మళ్లీ ఆ పాత రోగమే, ఈసారి దిగేటప్పుడు కాదు, లేచేటప్పుడు. ఇంగ్లండ్ తిరిగొచ్చి, బాగుచేయించుకుని, మే నెలలో మళ్లీ పోయింది. 3 రోజుల 6 గంటల 26 నిమిషాల్లో కేప్ టౌన్ చేరింది. అదే ఆమె ఆఖరి పెద్ద రికార్డు.

తర్వాత పేపర్లు ఆమెను మెల్లగా మరిచిపోయాయి. యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి వైమానిక దళ స్థావరాలకు విమానాలు చేర్చే ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్జిలరీలో 1940 మే నెలలో ఆమె చేరింది. అక్కడి మహిళా విభాగానికి పెద్ద ఆమె స్నేహితురాలు పౌలిన్ గోవర్. మహిళా పైలట్లకు మొగవాళ్ల కన్నా 20 శాతం తక్కువ జీతం. ఒకప్పుడు రాజు నుంచి బిరుదు తీసుకున్న ఎమీ కూడా ఆ జీతానికే పనిచేసింది. రేడియో లేదు. మబ్బుల కింద, కింద కనపడే రైలు పట్టాలు, నదులు చూసుకుంటూ పోవాలి. ఈరోజు ఒక రకం విమానం, రేపు ఇంకో రకం. చలికాలం, పక్కగాలి, తెలియని మైదానం. అయినా విమానం చెక్కుచెదరకుండా అప్పగించాలి, ఎందుకంటే అది యుద్ధానికి కావలసిన విమానం. తోక చక్రం విమానాలను ఇట్లా దించి, సంతకం పెట్టించుకుని, రైలెక్కి వెనక్కి రావడం ఆమె రోజువారీ పని అయింది. 1928లో ఆమెకు రాదని తేల్చిన పనినే ఇప్పుడు రోజూ చేస్తోంది. చూడ్డానికి జనం లేరు, రాయడానికి పేపర్లూ రాలేదు.

1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కు ఒక ఎయిర్‌స్పీడ్ ఆక్స్‌ఫర్డ్ విమానం తీసుకుని బయలుదేరింది. వాతావరణం చాలా చెడ్డగా ఉంది. దారి తప్పి చాలా తూర్పుగా పోయి, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట మబ్బుల పైన చిక్కుకుంది. దిగే దారి లేక ప్యారాచూట్‌తో దూకేసింది. కింద నేవీ ఓడ హేజిల్‌మియర్ సిబ్బంది ఆ ప్యారాచూట్ చూశారు. గడ్డకట్టే నీళ్లు, పెద్ద అలలు. ఆమె ఓడకు దగ్గరగానే ఉన్నా అందుకోలేకపోయారు. ఓడ కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ సముద్రంలోకి దూకాడు. ఆయన్ను బయటికి తీశారు గానీ చలికి తట్టుకోలేక చనిపోయాడు. తర్వాత ఆయనకు ఆల్బర్ట్ మెడల్ ఇచ్చారు. ఆమె ఎట్లా చనిపోయిందన్న మీద ఇప్పటికీ వాదాలున్నాయి. మన వాళ్ల ఫిరంగులే పొరపాటున కాల్చాయని ఒక బ్రిటిష్ సైనికుడు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. అప్పటికి ఎమీ వయసు 37.

శవం దొరకలేదు కాబట్టి సమాధి లేదు. రన్నీమీడ్‌లోని వైమానిక దళ స్మారకం మీద, సమాధి లేనివాళ్ల పేర్ల మధ్య ఆమె పేరు చెక్కి ఉంది. ఝాన్సీ, ఇన్‌సేన్, జావా, బ్రిస్బేన్‌లలో దెబ్బలు తిన్న జేసన్ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.